బెలో గాలి బెలోకే: హారన్‌కి గాలి ఎక్కణ్ణుంచి తీసుకోవాలి?

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగు పట్టీల బదులు బెలోలు అనే గాలి నిండిన రబ్బరు సంచులు బరువు మోసే అమరిక) ఉన్న బండికి గాలి హారన్ కలపడం మీద పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. గంట పని అనుకుని మొదలుపెట్టి బ్రేకు గాలితో చెలగాటమాడే ప్రమాదం ఇందులో ఉంది. అందుకే మొదటి రెండు జవాబులు కాస్త పొడుగ్గానే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కంటైనర్ ట్రాలీ లాగే ట్రాక్టర్. వెనక ఇరుసుకి ఎయిర్ సస్పెన్షన్. పోయిన నెల మెకానిక్ ఎడమ బెలోకి వెళ్లే పైపు మధ్యలో టీ (మూడు నోళ్ల జాయింటు) వేసి, రెండు గొట్టాల గాలి హారన్ కలిపాడు. లోడు మీద బాగానే మోగుతోంది గానీ, నొక్కి పట్టుకున్నప్పుడల్లా ఎడమ వైపు కుంగి మెల్లగా లేస్తోంది. ఖాళీగా వచ్చేటప్పుడు గొంతు పీలగా ఉంటోంది. హారన్ మార్చాలా?
— లారీ యజమాని, సూర్యాపేట

జవాబు: హారన్‌లో లోపం లేదండీ. గాలి తీసుకున్న చోటే తప్పు. ఆ టీని ఈ వారంలోనే తీయించండి.

బెలోలో ఎంత ఒత్తిడి ఉండాలో నిర్ణయించేది కంప్రెసర్ కాదు, బెలో మీద పడిన బరువు. చిన్న లెక్క వేసుకుందాం. బెలో బరువు మోసే వైశాల్యం 500 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో. అంటే ఒక్కో బార్‌కి 500 కిలోలు మోస్తుంది. లోడుతో రెండున్నర టన్నులు పడితే లోపల 5 బార్ ఉంటుంది. ఖాళీ బండిలో 600 కిలోలే పడితే 1.2 బార్. పెద్ద లారీ హారన్ నిండు గొంతుతో పలకాలంటే సుమారు 6 నుంచి 8 బార్ కావాలి. 1.2 బార్‌తో లోపలి పొర సరిగా కదలనే కదలదు. ఖాళీ బండిలో గొంతు పీలగా రావడానికి కారణం అదే.

ఇక కుంగడం సంగతి. బరువు మారలేదు కాబట్టి బెలోలో గాలి తగ్గినా ఒత్తిడి తగ్గదు, ఎత్తు తగ్గుతుంది. 15 లీటర్ల బెలోలో 5 బార్ ఒత్తిడి ఉంటే, బయటి గాలి లెక్కలో అందులో 90 లీటర్లు ఉన్నట్టు. హారన్ అందులోంచి 10 లీటర్లు తాగిందంటే బెలో పరిమాణం 15 నుంచి 13.3 లీటర్లకు దిగుతుంది. ఇదే వైశాల్యానికి అది 3 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. అప్పుడు బండి ఎత్తును సమంగా ఉంచే లెవలింగ్ వాల్వ్ చెయ్యి వంగి మళ్లీ గాలి పంపుతుంది. ఆ వాల్వ్ దారి సన్నం, తీరిగ్గా నింపడానికే దాన్ని అలా చేశారు. మెల్లగా లేస్తోందన్నారే, అది ఇదే. మీ బండికి రెండు వైపులా వేర్వేరు లెవలింగ్ వాల్వ్‌లు ఉన్నాయి కాబట్టి టీ వేసిన ఎడమ వైపే దిగుతోంది. ఒకే వాల్వ్ ఉన్న బళ్లలో వెనక భాగమంతా దిగుతుంది. మలుపులో కంటైనర్ ఒరిగి ఉన్న క్షణంలో ఒక పక్క మూడు సెంటీమీటర్లు దిగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న చాలా బళ్లలో, బరువును బట్టి బ్రేకు బలం పెంచే తగ్గించే లోడ్ సెన్సింగ్ వాల్వ్ తన సంకేతాన్ని బెలో పైపు నుంచే తీసుకుంటుంది. బెలోలో ఒత్తిడి ఎక్కువుంటే లోడు ఉందని గట్టి బ్రేకు ఇస్తుంది, తక్కువుంటే ఖాళీ అనుకుని బ్రేకు తగ్గిస్తుంది. అదే పైపు మీద హారన్ గాలి లాగుతుంటే, ఆ క్షణానికి పైపులో ఒత్తిడి పడిపోతుంది. డ్రైవరు హారన్ గట్టిగా నొక్కేది ఎప్పుడు? ఎదురుగా ఎవరో అడ్డొచ్చినప్పుడు. బ్రేకు తొక్కేదీ సరిగ్గా అప్పుడే. నిండు లోడు మీదున్న బండికి అప్పుడు ఖాళీ బండి బ్రేకు అందే ప్రమాదం ఉంది. బెలో పైపు మీద టీ వద్దని గట్టిగా చెబుతున్నది ఇందుకే.

టీ తీసేశాక ఆ చోట రెండు ముక్కల్ని జాయింటుతో అతికించకుండా, వాల్వ్ నుంచి బెలో దాకా ఒకే కొత్త నైలాన్ పైపు వేయించండి. ఆ తర్వాత చదునైన నేల మీద వెనక చక్రాల దగ్గర నేల నుంచి ఛాసిస్ ఎత్తు రెండు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. రాత్రంతా నిలిపి పొద్దున్నే మళ్లీ కొలవండి. ఒక వైపు మాత్రమే దిగితే ఆ వైపు లీకు ఇంకా ఉన్నట్టే.

ప్రశ్న: మరి హారన్‌కి గాలి సరిగ్గా ఎక్కణ్ణుంచి తీసుకోవాలి? ఏ సామాను, ఎంత కావాలి? వరసగా చెప్పండి.
— నేర్చుకుంటున్న మెకానిక్, విజయవాడ ఆటోనగర్

జవాబు: ముందు గాలి దారి చూడండి. కంప్రెసర్ నుంచి గాలి, తేమ తీసే డ్రయ్యర్‌కి వస్తుంది, అక్కణ్ణుంచి నాలుగు సర్క్యూట్ల ప్రొటెక్షన్ వాల్వ్‌కి. షెడ్లలో దీన్నే క్వాడ్ వాల్వ్ అంటారు. దాని మీద అచ్చువేసిన అంకెలు చదవడం అలవాటు చేసుకోండి. 1 అంటే గాలి వచ్చే దారి. 21, 22 సర్వీసు బ్రేకులు. చాలా బళ్లలో 23 పార్కింగు బ్రేకుకీ ట్రాలీకీ, 24 మిగతా అవసరాలకు. సస్పెన్షన్, క్లచ్ బూస్టర్, తలుపులు, హారన్ లాంటివన్నీ ఈ 24 వైపు ఉంటాయి. మీ పని అంతా ఈ 24 వైపే, అదీ లెవలింగ్ వాల్వ్‌కి ముందే. సస్పెన్షన్‌కి విడిగా ట్యాంకు ఉంటే దాని మీద ఖాళీగా బిగించి ఉన్న ప్లగ్గు వెతకండి. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ రంధ్రం మాత్రం వాడొద్దు. నీళ్లు, తుప్పు, నూనె అన్నీ చేరేది అక్కడే, అవి నేరుగా హారన్‌లోకి పోతాయి.

24 మీద ఉన్నాం కదా, క్వాడ్ వాల్వ్ చూసుకుంటుందిలే అని వదిలేయొద్దు. హారన్ పైపు తెగితే క్వాడ్ వాల్వ్ బ్రేకుల్ని కాపాడుతుంది గానీ, అదే 24 మీదున్న సస్పెన్షన్‌ని కాపాడదు. అందుకే హారన్ దారికి విడిగా ఒక ఓవర్‌ఫ్లో వాల్వ్ వేయాలి. ట్యాంకులో ఒత్తిడి 6 బార్ దాటితేనే తెరుచుకుని, తగ్గితే మూసుకునేది తీసుకోండి. కొట్లో అడిగేటప్పుడు వెనక్కి గాలి రానివ్వని రకం అని చెప్పండి. చూడటానికి వెనక్కి రానిచ్చే రకం కూడా ఒకేలా ఉంటుంది. వాల్వ్ ఒంటి మీద గాలి పోయే వైపు బాణం ఉంటుంది. అది హారన్ వైపు చూడాలి.

సామాను ఇదీ: ఓవర్‌ఫ్లో వాల్వ్ ఒకటి. ట్యాంకు పక్కనే కట్టేయడానికి బాల్ కాక్ ఒకటి. 24 వోల్టుల సోలెనాయిడ్ వాల్వ్ ఒకటి, మామూలుగా మూసి ఉండి కరెంటు ఇస్తే తెరుచుకునే రకం. బయటి కొలత 8 మిల్లీమీటర్లు, గోడ మందం ఒక మిల్లీమీటరు ఉన్న బ్రేకు తరహా నైలాన్ పైపు 6 మీటర్లు. పైకప్పు మీద పెట్టే పొడుగు హారన్‌కి 10 మిల్లీమీటర్ల పైపు నయం, సన్నటి పైపుతో గొంతు బిగుసుకుపోతుంది. ఇత్తడి ఫిట్టింగులు, ప్రతి కొసకీ లోపల పెట్టే ఇన్సర్టు, పైన బిగిసే రింగు (ఒలివ్). పైపు పట్టుకునే క్లిప్పులు ఇరవై. షెడ్లలో రంగురంగుల మెత్తటి పీయూ పైపు దొరుకుతుంది. అది ఫ్యాక్టరీ యంత్రాలకు సరిపోతుంది. ఇంజిన్ వేడికీ, మన ఎండకీ ఛాసిస్ మీద నిలవదు, వాడొద్దు.

పనికి దిగే ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. ఇంజిన్ ఆపండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా కిందకి దూరొద్దు. సస్పెన్షన్ ట్యాంకు గాలి వదలగానే బండి ఒక్కసారిగా దిగవచ్చు, ఆ సందులో మనిషి తల పట్టదు. స్టాండ్లు పెట్టాకే ఆ ట్యాంకు గాలి పూర్తిగా వదలండి. ప్లగ్గు విప్పి ఫిట్టింగు, కాక్, ఓవర్‌ఫ్లో వాల్వ్ ఆ వరసలోనే బిగించండి. టెఫ్లాన్ టేపు చుట్టే మర అయితే మొదటి రెండు మరలు వదిలేసి చుట్టండి. చివరిదాకా చుడితే టేపు తునకలు ఊడి సోలెనాయిడ్ గుండీ కింద ఇరుక్కుంటాయి. హారన్ రాత్రంతా సన్నగా కూస్తుందన్న ఫిర్యాదుకి చాలాసార్లు మూలం అదే. రబ్బరు రింగు ఉన్న మెట్రిక్ మర ఫిట్టింగుకి టేపు అసలు అక్కర్లేదు.

పైపును హాక్సా బ్లేడుతో కోయొద్దు. కొస వంకరగా వస్తుంది, పొట్టు లోపల పడుతుంది. పైపు కట్టరుతో నిటారుగా కోసి, సోలెనాయిడ్‌కి కలిపే ముందు ట్యాంకు మళ్లీ నింపి, కాక్ కొద్దిగా తెరిచి గాలితో పైపును ఊదేయండి. సైలెన్సరుకి కనీసం ఒక జానెడు దూరంగా, 30 సెంటీమీటర్లకో క్లిప్పుతో తీసుకెళ్లండి. క్యాబిన్ వంగే బండి అయితే మడత పడే చోట ఒక చుట్టు వదులుగా వదలండి. క్యాబిన్ పూర్తిగా ముందుకి వంచి, పైపు బిగుసుకోలేదని కళ్లారా చూశాకే చివరి క్లిప్పులు బిగించండి. సోలెనాయిడ్‌ను హారన్‌కి అర మీటరు లోపే పెట్టండి. దూరంగా పెడితే నొక్కిన కాసేపటికి మోగుతుంది, వదిలాక పైపులో మిగిలిన గాలితో ఈలగా సాగుతుంది.

ఇప్పుడు పరీక్ష. ఇంజిన్ నడిపి, డ్రయ్యర్ ఫుస్సుమని గాలి వదిలేదాకా నింపండి. ప్రతి జాయింటు మీద సబ్బు నురగ రాసి చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి, హారన్ దగ్గర సోలెనాయిడ్‌లోకి గాలి వచ్చే వైపు పైపు కొస విప్పేయండి. గాలి పెద్దగా పోతుంది. ఒత్తిడి 6 బార్ దరిదాపులకు దిగాక ఓవర్‌ఫ్లో వాల్వ్ మూసుకుని ఆ చప్పుడు దానంతటదే ఆగాలి. సస్పెన్షన్ ట్యాంకుకి తాత్కాలికంగా ఒక గేజీ పెట్టి చూస్తే ఎంత దగ్గర ఆగిందో తెలుస్తుంది. డాష్‌బోర్డు మీద రెండు బ్రేకు ముళ్లూ ఎరుపు గీతకి పైనే నిలవాలి. అలా ఆగితేనే బండిని రోడ్డు మీదకి పంపండి. గాలి పోతూనే ఉంటే వాల్వ్ తిరగేసి బిగించారో, పాడైందో చూడాలి.

ప్రశ్న: మా బస్సులో డ్రైవరు సీటు కిందుగా బ్రేకు ట్యాంకు ఉంది. పైపు అర మీటరు సరిపోతుంది. అక్కణ్ణుంచే తీసుకుంటే తప్పా?
— ట్రావెల్స్ యజమాని, నెల్లూరు

జవాబు: తప్పే. హారన్ పైపు తెగితే ఆ బ్రేకు సర్క్యూట్ మొత్తం ఖాళీ అవుతుంది. క్వాడ్ వాల్వ్ కాపాడేది మిగతా సర్క్యూట్లని, తెగినదాన్ని కాదు. శ్రీశైలం ఘాట్ లాంటి చోట సంగతి ఊహించండి. దిగుతున్నంతసేపూ బ్రేకు మాటిమాటికీ తొక్కుతారు, మలుపు మలుపుకీ హారన్ కొడతారు. రెండూ ఒకే ట్యాంకు నుంచి తాగితే కంప్రెసర్ నింపేదానికంటే వాడకం ముందుంటుంది. బజరు మోగే ఒత్తిడికి ముల్లు దిగాక, ఇంకా కిందికి పోతే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టడం మొదలవుతుంది. ఘాట్ మధ్యలో అది జరగనివ్వకండి. అర మీటరుకి బదులు ఆరు మీటర్ల పైపు వేయండి.

మీ హారన్ ఎంత తాగుతుందో మీరే కొలుచుకోవచ్చు. సస్పెన్షన్ ట్యాంకు 20 లీటర్లు అనుకుందాం. ఇంజిన్ ఆపి, గేజీ చూస్తూ మూడు సెకన్లు హారన్ నొక్కండి. ముల్లు 8 నుంచి 7.5 బార్‌కి దిగితే, అర బార్ ఇంటు 20, అంటే 10 లీటర్ల గాలి పోయినట్టు. ఒక్కో మోతకి బార్ దాటి దిగుతుంటే ఆ హారన్ మీ బస్సుకి పెద్దది.

ప్రశ్న: హారన్ బటన్ నెలకోసారి అతుక్కుపోతోంది. వదిలినా మోగుతూనే ఉంటుంది. స్టీరింగు బటన్ రెండుసార్లు మార్చాం.
— లారీ డ్రైవరు, కర్నూలు

జవాబు: సోలెనాయిడ్ కాయిల్‌కి కరెంటు ఆపిన క్షణంలో అది వెనక్కి ఒక ఎదురు వోల్టేజి కొడుతుంది. ఆ నిప్పురవ్వకే బటన్ లోపలి పాయింట్లు కరిగి అతుక్కుంటున్నాయి. బటన్ మార్చినంత మాత్రాన లాభం లేదు. మధ్యలో 24 వోల్టుల రిలే (బటన్ ఇచ్చే చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెట్టండి. రిలే 30 కాలికి 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా కరెంటు, 87 నుంచి సోలెనాయిడ్‌కి. 86కి ఫ్యూజు తర్వాతి కరెంటు, 85ని బటన్‌కి. చాలా బళ్లలో స్టీరింగు బటన్ ఎర్త్ ఇస్తుంది కాబట్టి ఇలా సరిపోతుంది. సోలెనాయిడ్ రెండు కాళ్ల మధ్య, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడు ఒకటి పెట్టండి, తెల్ల గీత ఉన్న వైపు ప్లస్‌కి. తిరగేస్తే నొక్కగానే ఫ్యూజు పోతుంది, కంగారు పడకండి, తిప్పి పెట్టండి.

కాయిల్ బాగుందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. 24 వోల్టులు, 20 వాట్ల కాయిల్ అయితే 29 ఓమ్‌ల దగ్గర చూపాలి. ఏడెనిమిది ఓమ్‌లు చూపితే ఎవరో 12 వోల్టుల కాయిల్ బిగించారు, అది ఎలాగూ కాలిపోతుంది. పనిలో పనిగా ఒక రెండు దారుల స్విచ్చు పెట్టుకుంటే అదే బటన్‌తో ఊళ్లో కరెంటు హారన్, హైవే మీద గాలి హారన్ వాడుకోవచ్చు. పెట్రోలు, డీజిలు ట్యాంకర్లకు మాత్రం ఇలాంటి అదనపు వైరింగు షెడ్లో వేయించొద్దు. వాటి విద్యుత్ అమరికకు వేరే భద్రతా నిబంధనలు ఉన్నాయి.

ప్రశ్న: స్వరాలు మారే మ్యూజికల్ హారన్ బిగించమని మా డ్రైవర్లు అడుగుతున్నారు. చలానా ఎంత పడుతుంది?
— ట్రాన్స్‌పోర్టు యజమాని, కరీంనగర్

జవాబు: చలానా లెక్క వేసుకుని బిగించే వస్తువు కాదండీ అది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వ నిబంధన స్పష్టంగా చెబుతుంది: ఒకదాని తర్వాత ఒకటిగా స్వరాలు మారే హారన్ గానీ, మితిమీరి కర్కశంగా, కీచుగా, భయపెట్టేలా మోగే పరికరం గానీ బండికి ఉండకూడదు. అంబులెన్సు, అగ్నిమాపక, పోలీసు బళ్ల లాంటి వాటికే మినహాయింపు. మోటారు వాహన చట్టంలో శబ్ద కాలుష్యానికి సంబంధించిన 190(2) సెక్షను కింద మొదటిసారికే పదివేల రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. అనుమతి లేని మార్పు చేసినందుకు 182ఎ(4) సెక్షను యజమాని మీద, ఒక్కో మార్పుకి ఐదువేలు లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ. అనవసరంగా మోగించినందుకు 194ఎఫ్ కింద మొదటిసారి వెయ్యి, మళ్లీ దొరికితే రెండువేలు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ప్రజల ప్రాణం మీదకొచ్చిన అత్యవసరంలో తప్ప హారన్ కొట్టకూడదు.

చట్టం పక్కనపెట్టినా, లారీ ముందు చంటిబిడ్డతో బైకు మీద వెళ్తున్న వాళ్ల గురించి మీ డ్రైవర్లకు చెప్పండి. వెనక నుంచి హఠాత్తుగా ఆ మోత విని హ్యాండిల్ వణికితే బైకు పడేది మీ చక్రాల కిందే. కంపెనీ బిగించి ఇచ్చిన హారన్‌కి సరిసమానమైనది కొనండి. రెండు గొట్టాలున్నా ఒకేసారి కలిసి మోగి, స్వరం మారనిది అయి ఉండాలి.

ప్రశ్న: నాకు పికప్ ట్రక్ ఉంది, వారాంతాల్లో పడవ లాగుతాను. రైలు హారన్ బిగించాలని ఉంది. ట్రక్‌కి ఎయిర్ సస్పెన్షన్ ఎలాగూ ఉంది కదా, ఆ గాలి వాడుకోవచ్చా?
— పాఠకుడు, డాలస్, టెక్సస్

జవాబు: మీది కంపెనీ ఇచ్చిన ఎయిర్ సస్పెన్షనా, మీరు తర్వాత వెనక ఇరుసుకి పెట్టించుకున్న సహాయక గాలి బ్యాగులా (బెలోలా) అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కంపెనీదైతే ముట్టుకోవద్దు. ఉదాహరణకి రామ్ 1500లో వచ్చే నాలుగు మూలల ఎయిర్ సస్పెన్షన్ మూసి ఉన్న వ్యవస్థ. బయటి గాలి పీల్చి బయటికి వదలదు, లోపల నింపిన నైట్రోజన్‌నే ట్యాంకుకీ బ్యాగులకీ మధ్య తిప్పుకుంటుంది. హారన్ ఒక్కసారి మోగితే ఆ వాయువు పోయినట్టే. కాసేపటికి కంప్యూటరు లోపం చూపిస్తుంది, డీలరు దగ్గర మళ్లీ నింపించుకోవాలి. అలాంటి ట్రక్‌కి హారన్ కంప్రెసర్, ట్యాంకు పూర్తిగా వేరుగా ఉండాలి.

సహాయక బ్యాగులైతే దారి ఉంది. ఆ బ్యాగుల్లో ఒత్తిడి మామూలుగా 5 పీఎస్‌ఐ (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్‌ఐ) కంటే తగ్గకూడదు, 100 దాటకూడదు. రైలు తరహా హారన్ కోరేది 120 నుంచి 150. ఒకే గాలితో రెండూ నడవాలంటే మధ్యలో ట్యాంకు ఉండాలి, బ్యాగుల దారిలో 100 దాటనివ్వని రెగ్యులేటరు ఉండాలి. కంప్రెసర్, వేడి తట్టుకునే తీగ అల్లిన గొట్టం, గాలిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్, 5 గ్యాలన్ల ట్యాంకు, ఈ వరసలో బిగించండి. ట్యాంకు మీద కంప్రెసర్‌ని 110 దగ్గర మొదలుపెట్టి 145 దగ్గర ఆపే ప్రెషర్ స్విచ్చు, 175 దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, అడుగున డ్రెయిన్. ట్యాంకు నుంచి రెండు వేర్వేరు దారులు: ఒకటి రెగ్యులేటరు మీదుగా బ్యాగులకి పావు అంగుళం పైపు, రెండోది హారన్ సోలెనాయిడ్‌కి అర అంగుళం పైపు. కంప్రెసర్‌తో వచ్చిన తీగ గొట్టాన్ని పొట్టిగా ఉందని తీసి నైలాన్ పైపు వేయకండి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడికి నైలాన్ మెత్తబడి ఊడుతుంది.

145 నుంచి 110కి దిగే లోపు 5 గ్యాలన్ల ట్యాంకు ఇచ్చే గాలి దాదాపు 12 గ్యాలన్లు, అంటే 45 లీటర్లు. నిమిషానికి ఒక ఘనపుటడుగు ఇచ్చే కంప్రెసర్ దాన్ని మళ్లీ నింపడానికి ఒకటిన్నర నిమిషం పైనే తీసుకుంటుంది. బ్యాగుల కిట్‌తో వచ్చే చిన్న కంప్రెసర్‌కి ట్యాంకే ఉండదు, అది హారన్‌కి చాలదు. పెద్ద కంప్రెసర్ 20 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది. 10 గేజీ మందం తీగ, 40 ఆంపియర్ల రిలే, ఆ కంప్రెసర్‌కి చెప్పిన ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా వేయండి.

టెక్సస్ చట్టం ప్రకారం హారన్ 200 అడుగుల దూరం వినబడాలి, అలాగని అసమంజసంగా కర్కశంగా ఉండకూడదు, ఈలలా మోగకూడదు. రైలు హారన్ వీధిలో మోగిస్తే టికెట్టు పడొచ్చు. కాబట్టి కంపెనీ హారన్ తీసేయకుండా ఉంచి, రైలు హారన్‌కి వేరే స్విచ్చు పెట్టండి.

అక్కడే సరుకు రవాణా పెద్ద ట్రక్కులు నడుపుతున్న మనవాళ్లకి ఒక మాట. అమెరికా ఫెడరల్ నిబంధన 393.207 ప్రకారం బ్రేకు వ్యవస్థలో కనీసం 55 పీఎస్‌ఐ చేరేదాకా సస్పెన్షన్‌లోకి గాలి పోకూడదు, సస్పెన్షన్ లీకు ఐదు నిమిషాల్లో 3 పీఎస్‌ఐ మించకూడదు. సస్పెన్షన్ వైపు మీరు కలిపిన హారన్ జాయింటు కారినా తనిఖీలో అది సస్పెన్షన్ లీకుగానే లెక్కకొస్తుంది.

ప్రశ్న: బజారులో సొంత చిన్న కంప్రెసర్‌తో వచ్చే ఎర్ర గొట్టాల హారన్ కొన్నాను. కంప్రెసర్ కాలిపోయింది. గొట్టాల్ని లారీ ట్యాంకుకి కలపొచ్చా?
— మినీ లారీ యజమాని, ఖమ్మం

జవాబు: నేరుగా కలపొద్దు. ఆ చిన్న కంప్రెసర్ ఇచ్చే ఒత్తిడి చాలా తక్కువ, గొట్టం లోపలి పొర దానికి తగ్గట్టే పల్చన. 8 బార్ ఒక్కసారిగా తగిలితే పొర చిరుగుతుంది, ప్లాస్టిక్ మూత ఊడి ఎగరొచ్చు. రెగ్యులేటరు పెట్టి తంటాలు పడేకంటే అదే రకం కంప్రెసర్ మార్చుకోవడం చవక. నొక్కి పట్టుకోకుండా రెండు మూడు సెకన్ల చొప్పున వాడితే అది త్వరగా కాలదు.

ప్రశ్న: వానాకాలం వస్తే హారన్ బుడబుడమంటుంది. ఒకోసారి కప్ప గొంతులా ఉంటుంది. ఎండాకాలం బాగానే ఉంటుంది.
— లారీ యజమాని, రాజమండ్రి

జవాబు: నీళ్లు రెండు దారుల్లో వస్తాయి, ఎటు నుంచో ముందు తేల్చుకోండి. సస్పెన్షన్ ట్యాంకు డ్రెయిన్ లాగి కింద తెల్ల కాగితం పట్టండి. పొడి గాలి వస్తే ట్యాంకు బాగానే ఉంది, నీళ్లు బయటి నుంచే. హారన్ నోరు ఆకాశం వైపో, తిన్నగానో ఉంటే వాన లోపలికి పోతుంది. నోరు ముందుకి, కొద్దిగా కిందికి వంగేలా బ్రాకెట్టు మార్చండి. రెండు వేళ్ల వాలు చాలు.

కాగితం మీద నీళ్లు పడితే డ్రయ్యర్‌లో తేమ పీల్చే కార్ట్రిడ్జి పని అయిపోయింది. మజ్జిగలా తెల్లగా పడితే కంప్రెసర్ నూనె కూడా నీటితో కలిసి వస్తోంది. కంప్రెసర్ రింగులు చూపించకుండా కార్ట్రిడ్జి ఒక్కటే మారిస్తే ఆ నూనె కొత్తదాన్నీ త్వరలోనే పాడుచేస్తుంది. కార్ట్రిడ్జి మార్చాక ట్యాంకులన్నీ ఖాళీ చేసి, హారన్ వెనక మూత విప్పి పొర తుడవండి. తుప్పు మరకలుంటే సన్నటి గరుకు కాగితంతో (వాటర్ పేపర్) మెల్లగా రుద్దండి, పొర వంగిందంటే మార్చేయండి. మూత స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒక పక్కే ముందు బిగిస్తే పొర వంకరగా కూర్చుని, నీళ్లు లేకపోయినా అదే కప్ప గొంతు వస్తుంది. స్వరం సరిచేసే స్క్రూ ఉన్న హారన్ అయితే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పావు చుట్టు చొప్పున తిప్పి చూసి, లాక్ నట్టు బిగించండి.